బండ మీద మొదలైన మంచు నడక

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు మీద బీబీనగర్ దాటితే చాలు, ఊరి కంటే ముందు భువనగిరి బండ కనిపిస్తుంది. తెలంగాణలో గుట్టలకు కరువు లేదు. నల్లగొండ, దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ అని ఊళ్లకే గుట్టల పేర్లు పెట్టుకున్న నేల ఇది. ఆ గుట్టల్లో చాలావరకు రాయి మీద రాయి నిలబడి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతాయేమో అనిపిస్తాయి. భువనగిరిది వేరే తీరు. అది ఒకే బండ. నేలలోంచి ఒక్క ఊపున ఐదువందల అడుగుల దాకా లేచి, పైన గుండ్రంగా వంగి ఆగిపోయింది. చాలామేర చెట్టూ చేమా నిలవని ఆ ఒంటి మీద వానాకాలపు నీళ్లు జారి జారి గీసిన నల్లచారలే అలంకారం. పొద్దున బూడిద రంగు, మిట్టమధ్యాహ్నం కళ్లు చిట్లించాల్సినంత తెలుపు, పొద్దువాలుతుంటే పలచని ఎరుపు.

పశ్చిమ చాళుక్య రాజు, త్రిభువనమల్లుడనే బిరుదున్న ఆరో విక్రమాదిత్యుడు దీని మీద కోట కట్టించాడు. ఆయన పేరున త్రిభువనగిరి అయింది, వాడుకలో భువనగిరిగా మిగిలింది. కోటకు చోటు వెతుకుతున్న రాజుకు ఈ రాయిలో నచ్చిన గుణం ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు: దీన్ని ఎవరూ ఎక్కలేరు. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత పిల్లలకు నచ్చింది కూడా అదే గుణం. శత్రువు ఎక్కకూడదని ఎంచుకున్న రాయి, ఎక్కడం నేర్పే బడి అయింది. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా నల్లగొండ జిల్లాలోదైన ఈ బండ మీద, రాక్ క్లైంబింగ్ స్కూల్ తాళ్ల మీద, గవర్నమెంటు హాస్టల్ పిల్లలు నేర్చుకున్న నడకే హిమాలయాల హిమానీనదాల దాకా సాగింది. ఆ నడకలోని అందమే ఈ వ్యాసానికి విషయం.

అందం అంటున్నాను, రికార్డు అనడం లేదు. రికార్డుల గురించి పేపర్లు రాశాయి, సన్మానాలు జరిగాయి, చెక్కులు అందాయి. ఆ హడావిడిలో ఒక కళాఖండాన్ని చూసినట్టుగా ఆ ఎక్కడాన్ని చూడటం మనకు కుదరలేదు. నాట్యాన్ని చూసేవాళ్లు పాదాన్ని చూస్తారు. మనమూ పాదం దగ్గరే మొదలుపెడదాం.

పొద్దు ఎక్కకముందు, రాయి ఇంకా చల్లగా ఉండగానే శిక్షణ మొదలవుతుంది. నడుముకు హార్నెస్, తలకు హెల్మెట్, ఎనిమిది అంకె ఆకారంలో వేసిన ముడి. ఏటవాలు బండ మీద కొత్తగా అడుగుపెట్టిన పిల్లవాడు చేసే మొదటి పని రాయిని కావలించుకోవడం. పొట్ట రాయికి ఆనుతుంది, చెంప ఆనుతుంది, లేని పట్టు కోసం వేళ్లు గోకుతాయి. ఒళ్లు రాయికి దగ్గరైనకొద్దీ బరువు పాదం మీద నుంచి పక్కకు జరిగి, కాలు జారుతుంది. భయం చెప్పినట్టు చేస్తే పడిపోతామని ఆ రాయి మొదటి నిమిషంలోనే చెబుతుంది.

"బండను వదులు బిడ్డా, జరంత ఎడంగ నిలబడు," అంటాడు కింద తాడు పట్టుకున్న కోచ్.

"జారుతది సార్!"

"జారదు. మడమ కిందికి దించు. బరువంతా కాలు మీద ఎయ్యి. చేతులు ఉట్టిగనే ఉండనియ్యి."

పిల్లవాడు నమ్మలేక నమ్మలేక నడుము వెనక్కి తెస్తాడు. మడమ దిగుతుంది. బూటు అడుగున ఉన్న రబ్బరు మొత్తం రాతి గరుకులో కూరుకుంటుంది. జారుతున్న కాలు చప్పున నిలబడుతుంది. ఇప్పుడు ముఖం రాయికి మూరెడు దూరంలో ఉంది. తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో కనిపిస్తోంది. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడింటికి పట్టుండాలి, నాలుగోదే కదలాలి. కదిలేది ఒకటి, నిలిచేవి మూడు. ఆ లెక్క ఒంటికి పట్టాక ఎక్కడం పెనుగులాటగా ఉండదు, దానికొక లయ వస్తుంది. కింద నిలబడి చూసేవాళ్ల ఊపిరి కూడా తెలియకుండానే ఆ లయలో పడిపోతుంది.

2013లో రాష్ట్రంలోని సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వందకు పైగా పిల్లలు ఈ బండ దగ్గరికి వచ్చారు. అక్కడ నిలిచినవాళ్లు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, అక్కడ నిలిచినవాళ్లు చలికాలపు లదాఖ్‌కు వెళ్లారు. చివరికి ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్. 2014 మే 25న ఆ ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ శిఖరమెక్కిన బాలికల్లో అంత చిన్న వయసు అంతకు ముందు ఎవరికీ లేదు. వాళ్లకు శిక్షణ ఇచ్చిన శేఖర్‌బాబు బచినేపల్లి 2007లో తాను ఎవరెస్టు ఎక్కి వచ్చినవాడు.

ఇది వీరరసం అని అందరికీ అనిపిస్తుంది. నిజమే. అయితే ఏ వీరం? భరతుడు నాట్యశాస్త్రంలో వీరరసానికి విభావాలు, అంటే ఆ రసాన్ని పుట్టించే కారణాలు చెప్పేటప్పుడు బలాన్నీ పరాక్రమాన్నీ మొదట పెట్టలేదు. అసమ్మోహం, అధ్యవసాయం, నయం, వినయం చెప్పి, ఆ తర్వాతే బలానికి వచ్చాడు. కంగారుపడని మనసు, పట్టిన పని వదలని పట్టు, తెలివైన నడత, శిక్షణతో అలవడిన అదుపు. ఇక అనుభావాలకు, అంటే ఆ రసం బయటికి కనిపించే గుర్తులకు వస్తే మొదటి మాట స్థైర్యం. శౌర్యం వంతు ఆ తర్వాతే వచ్చింది, చివర వైశారద్యం, అంటే నేర్పు. మన సినిమాలు ఈ వరుసను తలకిందులు చేసి, కేకలూ కండలూ ముందుకు తెచ్చాయి. భువనగిరి బండ మీద మడమ దించిన పిల్లవాడు భరతుడి వరుసలోనే నడుస్తున్నాడు. కంగారు తగ్గింది, పట్టు దొరికింది, అదుపు వచ్చింది. బలం వంతు చివర్లో వచ్చింది, అదీ కొంచెమే. వీరరసానికి స్థాయీభావం కోపం కాదు, ఉత్సాహం. అందుకే ఆ పిల్లల ముఖాల్లో పళ్లు బిగించిన కసి కనిపించదు. ఆటకు పిలిచినప్పుడు ఉండే వెలుగు కనిపిస్తుంది.

ఆ వినయం ఎక్కడ అలవడింది? హాస్టల్లో.

హాస్టల్ అనగానే నీళ్ల చారు, దోమలు, రేకుల కప్పు మాత్రమే తలుచుకోవడం మనకు అలవాటైంది. ఆ కష్టాలు అబద్ధం కావు. కానీ తెలంగాణలో చదువుకు హాస్టల్ చేసినంత మేలు చేసిన కట్టడం మరొకటి చూపించడం కష్టం. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో పుట్టి, తర్వాత హైదరాబాద్ కొత్వాల్ అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. ఆ జిల్లావాడే అయిన సురవరం ప్రతాపరెడ్డి అక్కడి బాధ్యతలు చూశారు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకులం మొదలైంది. పల్లె పిల్లలు ఒకే చోట ఉండి, ఒకే చోట తిని, ఒకే చోట చదువుకునే పద్ధతికి అది మొదటి బడి. దళిత, గిరిజన పిల్లల హాస్టళ్ల కోసం ఉద్యోగ జీవితమంతా తపించిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పేరు ఆ పిల్లల ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. బండ దగ్గరికి పిల్లలను పంపిన గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అప్పట్లో పోలీసు అధికారి. ఆయనదీ అప్పటి పాలమూరు జిల్లానే, తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురం.

హాస్టల్ జీవితంలో ఒక రుచి ఉంది. దాన్ని అనుభవించినవాళ్లు అడిగినా అడగకపోయినా చెబుతారు. తెల్లవారకముందే బెల్లు. పంపు దగ్గర బకెట్ల వరుస. పళ్లెం, గ్లాసు పట్టుకుని మెస్ ముందు లైను; లైనులో చిన్న క్లాసు వాళ్లు ముందు, పెద్దలు వెనుక. ఇనుప పెట్టెలో పట్టినంతే ఆస్తి: రెండు జతల బట్టలు, సబ్బుపెట్టె, పుస్తకాలు, అమ్మ ఫొటో. తల్లిదండ్రులు వచ్చిపోయిన ఆదివారం రాత్రి సకినాల డబ్బా తెరుచుకుంటే తెల్లారేసరికి ఖాళీ. ఎవరి ఇంటి తొక్కు కారం, ఎవరి ఇంటి తొక్కు పులుపు అన్నది గది మొత్తానికి తెలుసు. లైట్లు ఆపాక మొదలయ్యే గుసగుసలు, వార్డెన్ చెప్పుల చప్పుడుకు ఆగి, మళ్లీ మొదలవడం. జ్వరం వచ్చినవాడి కంచం ఇంకొకడు కడగడం. ఇదంతా ఎవరూ సిలబస్‌లో పెట్టలేదు. కానీ పక్కవాడి ఊపిరిని బట్టి వాడు నిద్రపోయాడో ఏడుస్తున్నాడో చెప్పగలిగే పిల్లలు ఇక్కడే తయారవుతారు. మంచు మీద ఆ చెవి ప్రాణం కాపాడుతుంది.

ఇక నడక సంగతి. ఈ హాస్టళ్ల కథలో మాటిమాటికీ వచ్చే పాలమూరు మనిషికి నడక నేర్పాల్సిన పని లేదు. నెత్తిన మూటతో దేశమంతా తిరిగి కాలువలు తవ్వి, ఆనకట్టలు కట్టిన చేతులు ఇక్కడివి. వాళ్లు వలసపోయిన నెలల్లో పిల్లల కోసం ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడిచాయి. చైత్ర పున్నమి వస్తే నల్లమలలో సలేశ్వరం లోయకు జనం బారులు తీరుతారు. ఎండలో, రాళ్ల మీద, అక్కడి శివుడు లింగమయ్యకు వస్తున్నామని కేక వేసి చెబుతూ దిగుతారు; ఎక్కేటప్పుడు పోయొస్తామని ఇంకో కేక. సద్దిమూట, నీళ్ల సీసా, భుజాన తువ్వాల. అంతకు మించి ఏమీ మోయకూడదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, దారే చెప్పింది.

ఎవరెస్టుకూ పాలమూరుకూ ఇంకో చుట్టరికం ఉంది. కన్యాకుమారి నుంచి హిమాలయాల పాదాల దాకా భూమిని కొలిచిన మహా సర్వే రేఖ 78వ రేఖాంశం పక్కపక్కనే సాగింది. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు ఆ రేఖాంశం మీదే ఉంది. ఆ సర్వేలో చేరిన జార్జి ఎవరెస్టు అనే యువ అధికారి 1819లో కృష్ణా గోదావరుల నడుమ నిజాం ఇలాకా అడవుల్లో కొలతలు తీస్తూ తీవ్రమైన జ్వరంతో మంచం పట్టాడు. తన పేరు పెట్టిన శిఖరాన్ని ఆయన కంటితో చూడలేదంటారు. ఆ సర్వే వేసిన పునాది మీదే 1852లో రాధానాథ్ సిక్దార్ లెక్క కట్టి, పదిహేనో నంబరు శిఖరమే అన్నిటికంటే ఎత్తని తేల్చాడు. ఆ కొండ ఎత్తు తెలియడానికి ముందు మన గుట్టల మీద ఇత్తడి యంత్రాలు నిలబడ్డాయన్నమాట.

ఇప్పుడు మంచులోకి పోదాం.

డార్జిలింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. అంతకు ముందు ఏడాది ఎవరెస్టు ఎక్కిన టెన్జింగ్ నార్గే అక్కడ క్షేత్రశిక్షణకు మొదటి డైరెక్టర్. అక్కడి పిల్లలు మంచు పాఠాలకు పశ్చిమ సిక్కింలోకి వెళ్తారు. యుక్సోమ్ నుంచి దారి. బఖీమ్, షోకా, జోంగ్రీ దాటి, పద్నాలుగు వేల అడుగుల పైన చౌరీఖాంగ్‌లో బేస్ క్యాంపు. వీపున రక్‌శాక్. మొదటి రోజు అడవి తడిగా ఉంటుంది, జలగలు ఉంటాయి, పట్టీలు భుజాల్లోకి దిగుతాయి. సంచిలో ఏది అవసరం, ఏది ఆశ అన్నది మొదటి ఎక్కుడులోనే తేలిపోతుంది. ఇనుప పెట్టెలో బతికిన పిల్లలకు ఈ పరీక్ష పెద్ద పరీక్ష కాదు. వాళ్లు ముందునుంచే తేలికగా బతకడం తెలిసినవాళ్లు. షోకా దాటాక చెట్లు పొట్టివవుతాయి, వసంతంలో రోడోడెండ్రాన్ల ఎరుపు దారి పొడుగునా కాస్తుంది. జోంగ్రీ దగ్గర చెట్లు ఆగిపోతాయి. కబ్రూ, రథోంగ్, కోక్‌తాంగ్ శిఖరాలు ఒక్కసారిగా ఎదురుపడతాయి.

రథోంగ్ హిమానీనదం దగ్గరికి వచ్చినవాళ్లకు మొదట నిరాశే. తెల్లగా మెరిసే మంచు పరుపును ఊహించుకుని వస్తారు. ఎదురుగా ఉన్నది మన గుట్టల పక్కన క్రషర్ దగ్గర పోసిన కంకర కుప్పలే. బూడిద రంగు రాళ్లు, మట్టి, బురద. ఇదేనా గ్లేసియర్ అని అడిగితే, నువ్వు నిలబడింది దాని మీదే అంటారు. కొండను అరగదీసి మోసుకొచ్చిన రాళ్లన్నిటినీ అది నెత్తిన వేసుకుంది. కింద మంచు ఉంది. చెవి పెడితే లోపల నీళ్లు పారుతున్న చప్పుడు. ఇంకొంచెం పైకి పోతే రాళ్లు పలచబడి, ఒక పగులు అంచున ఆ రంగు కనిపిస్తుంది.

ఆ నీలానికి దగ్గరగా నిలబడి చూడాలి. ఆకాశపు నీలం కాదది, సముద్రపు నీలమూ కాదు. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పడిన మంచు, పై బరువుకు అణిగి అణిగి, తనలోని గాలిబుడగలను వదిలేసి గట్టిపడుతుంది. అంత ఒత్తైన మంచులోకి దిగిన వెలుతురులో ఎరుపును మంచు మింగుతుంది, నీలాన్ని వదులుతుంది. పగులు పైన లేత నీలం, లోపలికి పోయేకొద్దీ ముదురు, ఆ కింద చీకటి. ఎన్ని చలికాలాలు అణిగితే ఆ రంగు వచ్చిందో అనుకున్నప్పుడు కంటికి దొరికిన అందం మనసుకు బరువుగా తగులుతుంది. అందులోనే భయం కూడా ఉంది, ఎందుకంటే ఆ నీలం కనిపించేది పగులు నోట్లోనే. పైన పలచటి కొత్త మంచు కప్పిన పగులైతే అసలు కనిపించదు. హిమానీనదం తన అందాన్నీ ప్రమాదాన్నీ వేరు చేసి చూపించదు.

నది అనడంలో అతిశయోక్తి లేదు. అంత గట్టి మంచూ తన బరువుకు తానే వంగి, పల్లానికి జారుతుంది. కంటికి కదలిక లేదు; చెవికి ఉంది. మధ్యాహ్నం ఎండకు ఎక్కడో 'ఠప్' మంటుంది. రాత్రి గుడారంలో పడుకున్నప్పుడు వీపు కింద నుంచే ఆ చప్పుడు వస్తుంది. భువనగిరి బండ మీద పడుకుంటే ఈ అనుభవం ఉండదు. దక్కను గ్రానైటు వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల లెక్కలో ఉంటుంది. అది చేయాల్సిన కదలికలన్నీ ఎప్పుడో చేసి ఊరుకుంది. హిమాలయాలు లేవడం మొదలై ఐదు కోట్ల ఏళ్లే. వాటికి ఇంకా కుదురు రాలేదు. మంచు మన నేలకు మరీ పరాయిది కూడా కాదు. దాదాపు ముప్పై కోట్ల ఏళ్ల కిందట ఈ ఉపఖండం దక్షిణ ధ్రువం వైపు ఉన్నప్పుడు, మంచు తెచ్చి దించిన గుండ్రాళ్లు గోదావరి లోయ పొరల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఈ కదిలే నేల మీద పిల్లలు మళ్లీ నడక నేర్చుకోవాలి. బూట్లకు ఇనుప ముళ్ల క్రాంపాన్లు. కొత్తవాళ్లు మంచు ఏటవాలు మీద భయంతో కాలి అంచు మీద నిలబడతారు, ముళ్లలో సగమే దిగుతాయి, జారుతారు. "పాదం మొత్తం ఆనించు, బరువు దాని మీద వెయ్యి," అంటాడు అక్కడి శిక్షకుడు హిందీలో. భువనగిరి పిల్లలకు ఈ మాట కొత్త కాదు. భాష మారింది, రాయి మంచయింది, సూత్రం అదే. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఎండకు కాలిన బండ మీద నేర్చుకున్న మడమ, గడ్డకట్టిన ఏటి మీద పనికొచ్చింది. ఒక రాగం నేర్చుకున్నవాడు వేరే తాళంలో దాన్ని పాడినట్టుంది.

హిమానీనదం మీద ఎవరూ ఒంటరిగా నడవరు. ఒకే తాడుకు నలుగురైదుగురు కట్టుకుంటారు. మనిషికీ మనిషికీ మధ్య తాడు మరీ వదులుగా ఉండకూడదు, మరీ బిగుతుగానూ ఉండకూడదు. ముందువాడు పగులులో పడితే వెనుకవాళ్లు క్షణం ఆలోచించకుండా మంచు మీద బోర్లా పడి, మంచు గొడ్డలి మొన దిగ్గొట్టి ఆపాలి. నడక వేగం తాడులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడిది. మెస్ లైనులో చిన్నవాళ్లను ముందు నిలబెట్టిన పద్ధతే ఇక్కడా నడుస్తోంది. పక్కవాడి ఊపిరి వినే చెవి ఇక్కడే అక్కరకొస్తుంది. దూరం నుంచి చూస్తే ఆ నడకలో ఒక బృందనాట్యం ఉంది: ఒకరు ఆగితే అందరూ ఆగుతారు, ఒకరు కదిలితే తాడు కదులుతుంది.

పూర్ణ, ఆనంద్ వెళ్లింది టిబెట్ వైపు నుంచి. పదహారేళ్లు నిండనివాళ్లను నేపాల్ ఎవరెస్టుకు అనుమతించదు. తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదం దారి అది. ఆ దారి మొగను 1921లో బ్రిటిష్ యాత్రకు చెందిన మాలరీ ఎంతో వెతికితే, ఆ యాత్ర సర్వేయరు ఆలివర్ వీలర్ కొలతల్లో తేలింది. అక్కడ రాతిదారికి రెండు వైపులా మంచు గోపురాలు వరుసగా లేచి ఉంటాయి. కొన్ని మనిషి ఎత్తు, కొన్ని మేడల ఎత్తు. అద్భుతం, భయానకం అక్కడ పక్కపక్కనే నడుస్తాయి. వాళ్లు శిఖరమెక్కిన ఏడాదే, ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ గైడ్లు చనిపోయారు. పిల్లలు వెనక్కి రాలేదు. పై దారిలో మృతదేహాలు చూశానని పూర్ణ తర్వాత చెప్పింది. ప్యాకెట్ సూపుల వాసన పడలేదనీ చెప్పింది. ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పగలగడం నాకు ఆశ్చర్యం. మృత్యువునీ మెస్‌నీ ఒకే చూపుతో చూసిన ఆ కంటిలో అసమ్మోహం ఉంది. శిఖరం మీద జెండాతో పాటు వాళ్లు చూపించిన బొమ్మలు రెండు: ఒకటి అంబేడ్కర్‌ది, ఇంకొకటి శంకరన్‌ది. ప్రపంచపు నడినెత్తిన ఒక హాస్టల్ గోడ కాసేపు నిలబడింది.

దక్షిణం వైపు దారి ఇంకో రకం. ఆ దారిన పోయింది భువనగిరి పక్క పల్లె బిడ్డే. పడమటి అన్వితారెడ్డి ఆ బండ కిందనే పెరిగింది, ఆ బండ మీదే నేర్చుకుని, అక్కడే శిక్షకురాలైంది. రైతు తండ్రి, అంగన్‌వాడీ టీచరు తల్లి. 2022 మే 16న ఎవరెస్టు ఎక్కింది. ఆ వైపు ఖుంబూ మంచుపాతం దాటాలి. అక్కడ హిమానీనదం నిటారు పల్లంలో విరిగి, రోజుకు దాదాపు మీటరు చొప్పున కిందికి కదులుతుంది. పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు వేసే షెర్పాలను ఐస్‌ఫాల్ డాక్టర్లంటారు. ఊగే నిచ్చెన మెట్టు మీద క్రాంపాన్ ముళ్లు ఎక్కడ ఆనాలో చూసుకుంటూ, కింద నీలాన్ని చూడకుండా దాటాలి. మూడింటికి పట్టు, ఒకటికి కదలిక.

ఆ దారిలో లుక్లా నుంచి గోరక్‌షెప్ దాకా ఉన్న లాడ్జీలు నిజానికి హాస్టళ్లే. చెక్కపలకల గోడలు, పక్కగది దగ్గు మన గదిలో వినిపిస్తుంది. సాయంత్రమయ్యేసరికి అందరూ భోజనాల గదిలో పొయ్యి చుట్టూ చేరతారు. యాక్ పిడకల పొగ, ఆరేసిన మేజోళ్ల వాసన, నాలుగైదు భాషల కబుర్లు. పొద్దున దారిలో పేరు తెలియకుండా దాటిపోయిన మనిషి రాత్రికి ఉప్పు అందిస్తాడు. తినేది దాల్‌భాత్, అంటే పప్పన్నం. అడిగితే మళ్లీ వడ్డిస్తారు. అంత ఎత్తులో నీళ్లు 83 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. గురుకులం మెస్‌లో తిన్నవాళ్లు ఆ గదిలో పరాయివాళ్లు కాలేరు. లోకమంతా డబ్బు కట్టి వచ్చి నాలుగు రోజులు అనుభవించే ఈ సామూహిక సుఖాన్ని మన పిల్లలు ఐదో తరగతి నుంచే అనుభవించారు. పేదరికం వల్ల దొరికిందని దాన్ని సుఖం కాదనడం అన్యాయం.

2017లో రాహుల్ బోస్ పూర్ణ కథను హిందీలో సినిమాగా తీశాడు. అదితి ఇనామ్‌దార్ ఆ పాత్రలో ముద్దుగా, నిజాయితీగా నటించింది. అయితే తెర ఎత్తును చూపించినంత సులువుగా బరువును చూపించలేదు. సముద్రమట్టంలో దొరికే ఆక్సిజన్‌లో మూడో వంతే ఉన్న చోట ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య పట్టే సమయాన్ని ఏ ఎడిటరూ ఉంచడు. ఈ కళలో సారమంతా ఆ ఆగిన సమయంలోనే ఉంది.

వీరం నుంచి అద్భుతం పుడుతుందన్నాడు భరతుడు. ఎక్కేవాళ్లది ఉత్సాహం, చూసేవాళ్లది విస్మయం. ఒకటి లేకుండా రెండోది లేదు. ఇప్పుడు భువనగిరి బండ మీదికి రోప్‌వే వేయాలన్న ప్రణాళిక ఉంది. రానీ. మోకాళ్ల నొప్పుల అవ్వలు, తాతలు కూడా కోట మీది గాలి పీల్చుకోవాలి, పై నుంచి తమ ఊరు చూసుకోవాలి. అయితే తీగల స్తంభాలు ఎక్కడ నాటాలో గీతలు గీసేవాళ్లు, పిల్లలు ఎక్కే ముఖాన్ని మాత్రం ముట్టకుండా వదిలేయాలి. అలాగే ఏ కార్యదర్శి మారినా, ఏ సర్కారు వచ్చినా, గురుకులాల బస్సు ఏడాదికొకసారైనా ఆ బండ కింద ఆగాలి. అందరూ ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు. మడమ దించి నిలబడితే జారమని పదకొండేళ్ల వయసులో ఒంటితో తెలుసుకున్న పిల్లకు ఆ తర్వాత ఏ ఆఫీసు ముందు నిలబడాల్సి వచ్చినా ఆ నిలబడటం వేరుగా ఉంటుంది.